మూడిళ్ల వెలుతురు

ఆ వేసవంతా నాకు కోపమే. పొద్దున లేస్తూనే ఒకరి మీద మొదలయ్యేది, పొద్దుగూకే లోపు నలుగురి మీదికి పాకేది. అసలే నాకు కోపం ముక్కు మీద ఉంటుందని ఇంట్లో పేరు. ఆ రెండు నెలలూ ముక్కు దిగి కిందికి రాలేదంతే.

మాది ఒకప్పుడు ఫొటో స్టూడియో. నాన్న ఫొటోలు తీసేవాడు. వెనక డార్క్‌రూమ్‌లో వాటిని కడిగి ప్రింటు వేసే పని నాది. నాన్న పోయాక అన్నయ్య ముందు గదిని జిరాక్సు షాపు చేశాడు, వెనక గదికి తాళం వేశాడు. పెళ్లయిన మూడేళ్లకే పుట్టింటికి తిరిగొచ్చేసిన నేను కౌంటరు దగ్గర కూర్చుని జనం తెచ్చిన కాగితాలకి పిన్నులు కొట్టేదాన్ని. ఇరవై ఏళ్లు చీకట్లో నేర్చుకున్న పనంతా పిన్నుల పాలైంది.

ఆ తాళం తీయించింది స్పెషల్ స్కూలు టీచరు. మా అన్నయ్య కూతురు చదివేది ఆ స్కూల్లోనే. పన్నెండేళ్ల పిల్ల. ఒక్కచోట కుదురుగా నిలబడదని దాన్ని ఇంట్లో అందరూ బొంగరం అంటారు. పుస్తకం తెరిస్తే అక్షరాలు ఈదుతున్నాయంటుంది. గడియారం చూసి టైము చెప్పలేదు. మామూలు బళ్లో నాలుగేళ్లు మొద్దు అనిపించుకుని, ఆఖరికి ఒక డాక్టరు కాగితం మీద పెద్ద పేరేదో రాసిచ్చాక ఇక్కడికి వచ్చింది.

"సెలవుల్లో ఒక అయిదుగురు పిల్లలకి మీ పని నేర్పండి మేడమ్," అంది టీచరు. "చదవక్కర్లేని పని ఏదైనా ఒకటి వాళ్ల చేతికి రావాలి."

"నాకు ఓపిక లేదండీ. నోరు కూడా మంచిది కాదు."

"పర్లేదండీ. ఓపిగ్గా నేర్పేవాళ్లని చాలామందిని చూసేశారు వాళ్లు."

నవ్వొచ్చింది. నవ్వినందుకు ఒప్పుకోవాల్సి వచ్చింది. అన్నయ్య తాళంచెవి నా ముందు పడేసి, "షాపులోకి వాసన రాకుండా చూసుకో," అన్నాడు. అంతకు మించి దాని గురించి ఒక్క మాట మాట్లాడలేదు.

గది దుమ్ము దులిపి, ఫొటో కాగితాన్ని పాడుచేయని ఎర్ర బల్బు పెట్టి, తలుపు సందుల్లో నల్ల గుడ్డలు కూరాను. బల్ల మీద మూడు ట్రేలు వరసగా పెట్టాను. మొదటి మందులో బొమ్మ పైకి తేలుతుంది, రెండోదాంట్లో ఆగుతుంది, మూడోదాంట్లో నిలబడుతుంది. గోడవారగా నాన్న కొన్న ఎన్‌లార్జర్. ఫిల్ములో ఉన్న చిన్న బొమ్మని పెద్దది చేసి కింద కాగితం మీద పడేసే దీపం అది. ఆ దీపం ఎంతసేపు వెలిగించాలన్న దగ్గరే ఈ విద్యంతా ఉంది. తక్కువైతే బొమ్మ పాలిపోతుంది, ఎక్కువైతే మసిబారిపోతుంది. అటకమీద మిగిలిన నాలుగు పెట్టెల కాగితానికి గడువు ఎప్పుడో దాటిపోయింది. ఒక కాగితం పాడు చేసి చూస్తే, పన్నెండు సెకన్ల వెలుతురు సరిగ్గా సరిపోతుందని తేలింది. నాన్న పాత కెమెరా పిల్లల చేతికిచ్చి నచ్చిన ఫొటోలు తీసుకురమ్మని, ఆ ఫిల్ము మాత్రం నేనే కడిగాను.

ఆ పన్నెండు దగ్గరే మా కొంప మునిగింది. గోడ గడియారం ముల్లు చీకట్లో మెరుస్తుంది కానీ, ఆ పిల్లలకి మెరిసినా ఒకటే మెరవకపోయినా ఒకటే. నోటితో లెక్కపెట్టమంటే ఏడు దాకా వచ్చి, తొమ్మిదికి దూకి, మళ్లీ ఆరుకి వెనక్కొచ్చేవాళ్లు. మూడు రోజుల్లో ముప్పై కాగితాలు నల్లగా మాడిపోయాయి. మూడో రోజు నా నోరు లేచింది.

"పన్నెండర్రా! పన్నెండు! పన్నెండంటే ఏంటో తెలీదా మీకు?"

వెనక నుంచి ఒక గొంతు నింపాదిగా అంది. "తెలిస్తే ఆ స్కూల్లో ఎందుకుంటాం మేడమ్?"

వాణ్ణి మిగతా పిల్లలు లెక్కల మాస్టారు అని పిలుస్తారు. లెక్కల్లో ఎప్పుడూ సున్నా వచ్చేది కాబట్టి పెట్టిన పేరు. వాడు ఎకసెక్కానికి అనలేదు, ఉన్న సంగతి చెప్పాడు. చేతిలో ఉన్న పట్టకారు బల్ల మీద విసిరికొట్టి బయటికొచ్చేశాను. వాళ్ల మీద కాదు నా కోపం. పన్నెండు రాని పిల్లకి పన్నెండు రాదని పన్నెండేళ్లుగా చెబుతూ వచ్చిన ప్రపంచం మీద. ఆ వరసలో నేనూ వెళ్లి నిలబడినందుకు నా మీద నాకే చిర్రెత్తుకొచ్చింది.

మర్నాడు బొంగరం ఎన్‌లార్జర్ స్విచ్చి మీద చెయ్యి వేసి, "అత్తా, నేను నాకు వచ్చినట్టు చేస్తా, నువ్వు మాట్లాడకు," అంది. స్విచ్చి నొక్కింది.

"నాన్న, అమ్మ, అత్త, నేను. నాన్న, అమ్మ, అత్త, నేను. నాన్న, అమ్మ, అత్త, నేను."

టక్కున ఆపేసింది. నేను గడియారం వైపే చూస్తున్నాను. పన్నెండు సెకన్లు. అటూ ఇటూ లేదు. కాగితం మందులో వేస్తే మా వీధి మలుపులో సైకిళ్లు బాగుచేసే అతను, వెనక అతని కొట్టు, కొట్టు తలుపు మీద గీతలతో సహా తేలివచ్చాడు.

"ఎక్కడ నేర్చుకున్నావే ఇది?"

"కంచాలు పెట్టేటప్పుడు ఇలాగే పెడతా కదా. నాలుగు అని లెక్కపెడితే తప్పుతుంది. మనుషుల్ని అనుకుంటే తప్పదు."

రోజూ అది పెట్టిన కంచంలోనే తింటున్నాను నేను. ఎప్పుడూ చూడలేదు.

వారం తిరిగేసరికి ఆ గదిలో సెకన్లు పోయి ఇళ్లు వచ్చాయి. "మూడిళ్ల వెలుతురు ఇచ్చా", "ఇంకో ఇల్లు కలపాల్సింది" అని మాట్లాడుకునేవాళ్లు. ఒకరి లెక్క ఒకరికి పనికిరాదు మరి, ఎవరి ఇల్లు వాళ్లది. వెలుగులో నోరు విప్పని ఒక పిల్ల ఉండేది. అందుకే దాన్ని గప్‌చుప్ అనేవాళ్లు. చీకటి పడగానే అది తన ఇంట్లో ఏడుగురినీ వరసగా పిలిచి, ఆపైన అమ్మమ్మగారింట్లో అయిదుగురినీ కలుపుకునేది. లెక్కల మాస్టారి ఇంట్లో ఉన్నది వాడూ వాళ్ల నానమ్మా. అంత చిన్న ఇల్లా అని ఎవరో కిసుక్కున నవ్వారు.

"అయితే ఏం? నేను ఆరిళ్లు ఇస్తా," అన్నాడు వాడు.

ఇచ్చాడు. సరిగ్గా పన్నెండు. ఈ పిల్లాడికి గుణకారం రాదని మూడేళ్ల పాటు రిపోర్టు కార్డు మీద ఎర్ర సిరాతో రాసిన మహానుభావుణ్ణి మెడపట్టి లాక్కొచ్చి ఆ ఎర్ర బల్బు కింద నిలబెట్టాలనిపించింది. రెండార్లు ఎంత అని నేను మాత్రం వాణ్ణి అడగలేదు. అడిగితే మళ్లీ భయపడతాడు.

ఆ రోజుల్లోనే ఒక మధ్యాహ్నం భోజనాల దగ్గర అన్నయ్య జేబులోంచి ఒక ఫారం తీశాడు.

"బొంగరాన్ని హాస్టల్లో చేర్చేద్దామనుకుంటున్నా. అంతా ఇలాంటి పిల్లలేనట. కుట్టుపనీ అవీ నేర్పుతారట. స్కూళ్లు తెరిచే లోపు సీటు తీసుకోవాలి."

"అంత దూరమా?" అంది వదిన. ఆవిడ నోట్లో నాలుక లేని మనిషి. ఆ రెండు ముక్కలు అనడమే ఎక్కువ.

"దూరమైతే ఏం? బస్సుంది. ఇక్కడ పెట్టుకుని మనం మాత్రం చేసేదేముంది? రేపు మనం పోతే దాని గతేంటి? నా బాధ ఎవరికి అర్థమవుతుంది?" నా వైపు తిరిగాడు. "నువ్వేమంటావ్?"

నోట్లో ముద్ద ఉంది. మింగాను. ఉండేది అన్నయ్య నీడన, తినేది అన్నయ్య తిండి.

"నీ ఇష్టం అన్నయ్యా," అన్నాను.

బొంగరం మంచినీళ్ల జగ్గు పట్టుకుని అక్కడే నిలబడి ఉంది. మాటలు అయిపోయేదాకా ఆగి, అందరి గ్లాసుల్లోనూ నీళ్లు పోసింది. ఒక్క చుక్క కూడా కింద పడలేదు. తర్వాత వంటింట్లో గిన్నెలు తోముతూ నా కోపమంతా వాటి మీద చూపించాను. గిన్నెలు ఎదురు చెప్పవు కదా.

తర్వాతి వారం బొంగరం ప్రింట్లు పాలిపోవడం మొదలైంది.

మొదట మందు పాతబడిందనుకున్నాను. పారబోసి కొత్తది కలిపాను. ఫలితం లేదు. మిగతా నలుగురివీ అదే ట్రేలో నల్లగా, నిండుగా వస్తున్నాయి. దీనివే వెలిసిపోయిన బట్టల్లా వస్తున్నాయి. ఒకటి కాదు రెండు కాదు, వరసగా ఎనిమిది. అప్పటికి మిగిలింది ఆఖరి పెట్టె. తొమ్మిదోది కూడా తెల్లగా తేలేసరికి నాకు ఒళ్లు మండిపోయింది.

"కళ్లు ఎక్కడ పెట్టుకుని చేస్తున్నావే? ఇన్నాళ్లూ బాగానే చేశావుగా? పని చేయాలని లేకపోతే పోయి బయట కూర్చో. కాగితం ఏమైనా చెట్లకి కాస్తోందా?"

అది ఇంకో కాగితం తీసి ఎన్‌లార్జర్ కింద పెట్టుకుంది. ఈసారి నేను దాని వెనకే వెళ్లి నిలబడ్డాను. అన్ని రోజులూ వంతు కోసం నిలబడ్డవాళ్లు కూడా తమ లెక్కలు గొణుక్కుంటుంటే ఎవరి లెక్క ఏంటో వినబడేది కాదు. మిగతావాళ్లని నోరు మూసుకోమన్నాను. బొంగరం స్విచ్చి నొక్కింది.

"నాన్న, అమ్మ, అత్త. నాన్న, అమ్మ, అత్త. నాన్న, అమ్మ, అత్త."

టక్కున ఆపింది.

"ఒకళ్లని మర్చిపోయావే," అన్నాను.

"మర్చిపోలేదు."

"మరి?"

"స్కూళ్లు తెరిచాక నేను ఉండనుగా. మూడు కంచాలే పెట్టుకుంటారు మీరు." కాగితాన్ని మందులో జార్చి, పట్టకారుతో మెల్లగా కదుపుతోంది. "ముందే అలవాటు చేసుకుంటున్నా."

లెక్కల మాస్టారు ట్రే మీదికి వంగి చూశాడు.

"అయితే నాలుగిళ్లు ఇవ్వు. సరిపోతుంది," అన్నాడు.

వాడి లెక్క సరైనదే. నాలుగు మూళ్లు పన్నెండు. అది సరైనది కావడమే నేను తట్టుకోలేకపోయాను. ఈ పిల్లని ఈ ఇంట్లోంచి తీసేసినా ఎక్కడో ఒకచోట లెక్క సరిపోతుంది, ఎవరికీ ఏ లోటూ రాదు. అన్నయ్య వేసిన లెక్కా అదే కదా. అరికాలి మంట నెత్తికెక్కింది. "ఎవరూ తలుపు తీయకండి," అని పిల్లలకి చెప్పి, కాగితాల పెట్టెకి మూత పెట్టించి, నేను తీశాను.

షాపులో ముగ్గురో నలుగురో ఉన్నారు. అన్నయ్య హాస్టల్ ఫారాన్ని కవర్లో పెట్టి అంచు తడిచేస్తున్నాడు. ఆ రోజే పంపించాలి దాన్ని.

"లోపలికి రా," అన్నాను.

"పనిలో ఉన్నా కనబడట్లేదా?"

"అయిదు నిమిషాలు. రాకపోతే ఇక్కడే అరుస్తా."

జనం ముందు అరుస్తానంటే అన్నయ్యకి భయం. కవరు జేబులో పెట్టుకుని వచ్చాడు. నాన్న పోయాక ఆ గదిలో కాలు పెట్టడం అదే మొదటిసారి. ఎర్ర వెలుతురులో ఎటు చూడాలో తెలియక, తలుపు పక్కన గోడకి ఆనుకుని నిలబడ్డాడు.

"చెయ్యవే. నీకు ఇష్టమైన ఫొటో చెయ్యి," అన్నాను బొంగరంతో.

అది ఫిల్ము వెతికి పెట్టింది. కాగితం మీద బొమ్మ పడగానే అది ఎవరి ఫొటోనో అర్థమైంది. మా అన్నయ్య. షాపులో కౌంటరు వెనక నిలబడి, ఎవరో వచ్చినాయనతో మాట్లాడుతూ, తల వెనక్కి వేసి పగలబడి నవ్వుతున్నాడు. ఆ నవ్వు ఇంట్లో నేను చూసి ఎన్నేళ్లయిందో. తండ్రి నవ్వు కావాలంటే షాపు తలుపు చాటు నుంచి తీసుకోవాల్సి వచ్చింది దానికి.

"నాన్న, అమ్మ, అత్త. నాన్న, అమ్మ, అత్త. నాన్న, అమ్మ, అత్త. నాన్న, అమ్మ, అత్త."

మాస్టారి సలహా పాటించింది. నాలుగిళ్లు.

"ఏంటా లెక్క?" అన్నాడు అన్నయ్య.

నేను నోరు తెరిచేలోపే మాస్టారు చెప్పేశాడు. "సెకన్లు రావు కదండీ మాకు, ఇంట్లోవాళ్లని అనుకుంటాం. బొంగరం వాళ్లింట్లో ఇదివరకు నలుగురండీ. ఇప్పుడు ముగ్గురే."

బొంగరం కాగితాన్ని మందులో వేసింది. ముందు జుట్టు తేలింది, తర్వాత కళ్లజోడు అంచు, ఆ తర్వాత నవ్వు. అన్నయ్య ఒక అడుగు ముందుకేశాడు. సరిగ్గా అప్పుడు జేబులో ఫోను మోగింది. మోగితే మోగింది, వదిలేయొచ్చు. ఆ క్షణంలో ఎక్కడో ఒకచోట తల దాచుకోవాలనిపించిందేమో, ఫోను బయటికి తీశాడు.

గదంతా తెల్లటి వెలుగు. ట్రేలో నవ్వుతున్న మొహం బూడిదరంగుకి తిరిగి, మెల్లగా నల్లబడింది. పక్కనే బల్ల మీద మూత తీసి ఉన్న కాగితాల పెట్టె. ఆఖరి పెట్టె.

"నాన్నా! బయటికి పో!"

అది ఎవరి గొంతో నాకు వెంటనే తెలియలేదు. ఆ ఇంట్లో అలా అరిచేది నేనొక్కదాన్నే.

"పెట్టె మొత్తం పోయింది! వీళ్లందరి కాగితాలూ పోయాయి! ఫోను తీయకూడదని తెలీదా నీకు? ఇక్కడ చిన్నపిల్లలకి కూడా తెలుసు! పో బయటికి!"

అరిచింది బొంగరం. పట్టకారు పట్టుకున్న చెయ్యి తలుపు వైపు చాచి ఉంది. దాని పక్కన గప్‌చుప్, ఆ పక్కన మాస్టారు, మిగతా ఇద్దరూ వచ్చి నిలబడ్డారు. మా అన్నయ్య ఫోను ఛాతీకి అదుముకుని, "ఆపేశానమ్మా, ఆపేశా," అంటూ వెనక్కి వెనక్కి నడిచి, తడుముకుని తలుపు తీసుకుని వెళ్లిపోయాడు. అన్ని రోజుల్లో ఆ పిల్లని అన్నయ్య అమ్మా అనడం నేను వినలేదు.

పాడైనవన్నీ తీసి, ట్రేలు కడిగి బయటికొచ్చేసరికి అరగంట పట్టింది. షాపుకీ డార్క్‌రూముకీ మధ్య ఇరుకు దారిలో, స్టూలు మీద అన్నయ్య కూర్చుని ఉన్నాడు. అవతల జిరాక్సులకి వచ్చినవాళ్లు పిలుస్తున్నా లేవడం లేదు. క్యారేజీ తెచ్చిన వదిన అది కింద పెట్టకుండానే గోడ పక్కన నిలబడి ఉంది. కవరు అన్నయ్య ఒళ్లో ఉంది.

"హాస్టల్లో అలా అరిస్తే ఊరుకోరు తెలుసా?" అన్నాడు కూతురితో. గట్టిగా కాదు, కవరు అంచు మడుస్తూ.

"నేను హాస్టల్‌కి వెళ్లను," అంది బొంగరం.

ఏడవలేదు. తడి చేతులు గౌనుకి తుడుచుకుంటూ, అడిగినదానికి జవాబు చెప్పినట్టు చెప్పింది. అన్నయ్య దాన్ని పైనుంచి కిందిదాకా చూశాడు.

"నిజంగా వెళ్లవా?"

"వెళ్లను."

వదిన ముందుకొచ్చి, క్యారేజీ ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుని, ఆయన ఒళ్లో ఉన్న కవరు తీసుకుంది. అన్నయ్య అడ్డం చెప్పలేదు. పాడైపోయిన జిరాక్సు కాగితాలు పడేసే అట్టపెట్టె పక్కనే ఉంటుంది. ఆవిడ కవరు అందులో వేసి, కాలితో పెట్టెని బల్ల కిందికి నెట్టేసింది.

అన్నయ్య తల గోక్కున్నాడు. "ఆ ముక్కేదో ముందే చెప్పొచ్చుగా," అన్నాడు.

అంతే, నాకు ఎక్కడ లేని కోపమూ వచ్చేసింది.

"ఎవరడిగార్రా దాన్ని?"

పుట్టి బుద్ధెరిగాక అన్నయ్యని రా అనడం అదే మొదటిసారి. వదిన చేతిలో క్యారేజీ గలగలమంది. కౌంటరు దగ్గరున్నవాళ్లు తలలు తిప్పి చూశారు. నేను ఆగలేదు.

"ఫారం తెచ్చావు, నింపావు, సంతకం పెట్టావు. బస్సు టైములు కూడా కనుక్కున్నావు. ఇంట్లో ఆ చివర నుంచి ఈ చివరకి నాలుగడుగుల దూరం లేదు. ఆ నాలుగడుగులు వేసి, అమ్మాయ్, వెళ్తావా అని ఒక్క మాట, ఒక్కటంటే ఒక్క మాట దాన్ని అడగడానికి నీకు నోరు రాలేదా? నోట్లో ఏం పెట్టుకున్నావు ఇన్నాళ్లూ?"

ఊపిరి తీసుకోవడానికి ఆగాను.

"నువ్వూ అడగలేదుగా అత్తా," అంది బొంగరం.

కోపంగా కాదు. మామూలుగానే అంది.